ఖాళీగా ఉన్న పుట్టినరోజు

పౌరులు ఏ రోజున పుట్టాలన్న విషయం ఇంతకాలం ఎవరి పర్యవేక్షణా లేకుండానే జరిగిపోయింది. ఆ లోటును జన్మదిన కానుకల శాఖ తీర్చింది. చేపలమ్ముకునే మహిళలకు ఎవరి పుట్టినరోజున వారికి ఐసు పెట్టె ఇంటికి తెచ్చివ్వడం ఈ శాఖ పని. సంఘానికి రోజుకు ఒక్క పెట్టే. కనుక ఒకే సంఘంలో ఇద్దరు ఒకే తేదీన పుట్టరాదని ఏడో నిబంధన. (ఏ సంవత్సరమన్నది శాఖవారి యాప్ పట్టించుకోదు. ఆడవాళ్ల వయసు అడగడం మర్యాద కాదు.)

పిఠాపురం అవతల సముద్రపు ఒడ్డున పెద్దింట్లమ్మ ఉన్న సంఘంలో ముప్ఫై మంది ఉన్నారు. ఎండాకాలం పదింటికల్లా తట్టలో చేప మెత్తబడిపోతే ఎవరూ కొనరు. అందుకని అందరూ ఆ పెట్టెల మీదే ఆశ పెట్టుకున్నారు. యాప్ సంఘం దరఖాస్తు మొత్తాన్ని తిప్పికొట్టింది. పెద్దింట్లమ్మ, సాయిదుర్గ ఇద్దరూ ఆగస్టు పద్నాలుగునే పుట్టారట.

ఇద్దరూ వెళ్లి అధికారి గున్నేశ్వరరావు గారి ఎదుట నిలబడ్డారు. ఆయన మంచివారు. కుర్చీలు వేయించి, మజ్జిగ తెప్పించి, అప్పుడు కంప్యూటరు చూశారు.

"చూడ్డానికి ఇద్దరే అండి. సిస్టంలో మాత్రం ఒక్కరే," అన్నారు.

వెంట వచ్చిన సాయిదుర్గ కూతురు హర్షిత డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. ఇరవై ముగ్గురుంటే చాలు, ఎవరో ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి పైనేనని, ముప్ఫై మందైతే నూటికి డెబ్బై సంఘాల్లో కలుస్తుందని కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అంటే నూటికి డెబ్బై సంఘాలు రూలు తప్పుతున్నాయన్నమాట. పైకి రాస్తానమ్మా."

ఎవరో ఒకరు పుట్టినరోజు మార్చుకోక తప్పదని తేలింది. సాయిదుర్గ తనది మార్చమంది. పెద్దింట్లమ్మ ఒప్పుకోలేదు.

"నీది మీ అమ్మ చెప్పింది. నాది బళ్లో మాస్టారు వేసింది. నాదే పోనియ్యి," అంది.

పదిహేనుకు మారిస్తే సంఘంలోనే ఉన్న పాపాయమ్మతో కలిసింది. మార్చుకునే వీలు రెండుసార్లే, ఇక ఒక్కటే మిగిలింది. గున్నేశ్వరరావు గారు మధ్యాహ్నం భోజనం కూడా మానుకుని, రేపు ఎంతమంది కొత్తవాళ్లు చేరినా తగువు రాని తేదీ వెతికి పెట్టారు. యాప్ వెంటనే ఒప్పుకుంది. పెద్దింట్లమ్మ ఆయనకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

ఏడాది తిరిగేసరికి ఇరవై తొమ్మిది మందికీ పెట్టెలు వచ్చాయి. సాయిదుర్గ తన పెట్టెలో సగం చోటు పెద్దింట్లమ్మ చేపలకిచ్చింది. (ఇది పదకొండో నిబంధనకు విరుద్ధం.) తనది ఎప్పుడొస్తుందో కనుక్కుందామని పెద్దింట్లమ్మ ఆఫీసుకెళ్లింది. గున్నేశ్వరరావు గారు సంతోషంగా రశీదు తీసి చదివి వినిపించారు. పెట్టె మంజూరైంది. అందజేయు తేదీ 2028 ఫిబ్రవరి 29. కింద ముందస్తు శుభాకాంక్షలు కూడా అచ్చేసి ఉన్నాయి.