తొంభై ఆరు మైళ్ళ బంగారు బిళ్ళ

డౌన్‌రివర్ సెడాన్ సంరక్షణ సంఘం ఈ ఏటి బంగారు బిళ్ళను శ్రీ లెన్ కుబియాక్ గారికి ఏకగ్రీవంగా ప్రదానం చేసిందని సంఘ కార్యదర్శి హోదాలో సంతోషంతో తెలియజేస్తున్నాను. ఆయన కారు కొని పదేళ్ళయింది. అది తిరిగింది తొంభై ఆరు మైళ్ళు. ఇంత తక్కువ దూరం పోవడానికి ఇంతకాలం కష్టపడిన మనిషి మిషిగన్ రాష్ట్రం మొత్తంలో మరొకరు లేరు. సభకు ఆయన శ్రీమతి హాజరు కాలేకపోయారు. ఆ వివరాలు కూడా మనవి చేస్తాను.

ముందు కారు సంగతి. దాని పేరు థండర్‌హెడ్. నాలుగు వందల డెబ్బై గుర్రాల బలం. నిలబడ్డ చోటు నుంచి అరవై మైళ్ళ వేగం అందుకోవడానికి నాలుగున్నర సెకన్లు చాలు. నాలుగు తలుపులున్నాయి కాబట్టి ఇది కుటుంబంతో తిరిగే కారని భార్యలకు చెప్పవచ్చు. మిగతాదంతా రేసు కారని భర్తలు తమలో తాము చెప్పుకోవచ్చు. ఇంత తెలివైన బండిని మా ఊళ్ళ వాళ్ళే తయారుచేశారు. లెన్ గారు ఆ ఫ్యాక్టరీలో ముప్ఫై రెండేళ్ళు ఎడమవైపు వెనక తలుపు బిగించారు. రిటైరైన రోజున అక్కడే ఒక కారు కొనుక్కున్నారు. దాని ఎడమవైపు వెనక తలుపు ఆ తర్వాత ఇంతవరకు తెరవలేదు.

కొన్న రోజున మాత్రం ఆయన భార్య బెర్నీస్‌తో ఒక మాటన్నారు.

"ఈ కార్లోనే నిన్ను పెద్ద వంతెన దాటిస్తాను. మీ అక్క వాకిట్లో దింపి హారన్ కొడతాను, చూడు."

బెర్నీస్ పుట్టిల్లు ఆ పెద్ద వంతెనకు, అంటే సరస్సు మీది మాకినా వంతెనకు, అవతల. లెన్‌ను పెళ్ళి చేసుకుని ఇవతలికొచ్చి నలభై నాలుగేళ్ళయింది. పిల్లలు, ఓవర్‌టైములు, మంచు, మోకాలి ఆపరేషన్ అన్నీ అడ్డొచ్చి ఆవిడ అటువైపు వెళ్ళింది మూడుసార్లు. మూడూ చావులకే. ఈసారి ఏ చావూ లేకుండా, ఎండలో, అద్దాలు దించుకుని, నీలం నీళ్ళు చూసుకుంటూ దాటాలని ఆవిడ కోరిక. పెద్ద కోరికేం కాదు. ఆ వంతెన పొడవు ఐదు మైళ్ళు.

అయితే కారు బయటికి తీయడమంటే మాటలా? మా సంఘం క్యాలెండరు చూస్తే మీకే తెలుస్తుంది. నవంబరులో రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలవుతుంది. ఉప్పు ఇనుముకు విషం. ఏప్రిల్‌లో ఉప్పు ఆగినా, రెండు పెద్ద వానలు రోడ్డును కడిగేదాకా కారు కదలకూడదు. వానలు పడ్డాక బురద. మే నెలలో చెట్ల పుప్పొడి. జూన్‌లో పురుగులు. జులైలో రోడ్ల మరమ్మతు, కంకర. ఆగస్టులో తారు మెత్తబడుతుంది. సెప్టెంబరు నుంచి ఆకులు రాలతాయి, వాటి మరకలు పోవు. ఇవన్నీ తీసేయగా ఒక ఏడాది మా సాంకేతిక ఉపసంఘం కారు నడపడానికి యోగ్యమైన రోజులు రెండున్నాయని తేల్చింది. రెండూ ఆదివారాలే. రెంటిలోనూ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది.

నడపకపోతే పని తక్కువని అనుకోకండి. నడిచే కారుకు పెట్రోలు పోస్తే చాలు. నడవని కారును సాకాలి. బ్యాటరీ నీరసపడకుండా గోడకు తీగ తగిలించి ఉంచాలి. టైర్లు ఒకవైపే అణగకుండా పది రోజులకోసారి కారును జానెడు ముందుకు, మళ్ళీ పది రోజులకు జానెడు వెనక్కు తోయాలి. ఆర్నెల్లకోసారి వాడని ఆయిల్ తీసేసి వాడబోని ఆయిల్ పోయాలి. కుబియాక్ గారి గ్యారేజీలో శీతాకాలమంతా హీటరు తిరుగుతుంది. ఇంట్లో బెర్నీస్ రెండు స్వెటర్లు వేసుకుంటుంది. కారు తుడవడానికి ఇరవై నాలుగు మెత్తటి తువ్వాళ్ళున్నాయి. ఏదైనా పొరపాటున నేలమీద పడితే దాన్ని కారుకు వాడరు, ఇసుక రేణువు అంటుకుని ఉండవచ్చు. దాన్ని పళ్ళేలు తుడుచుకొమ్మని వంటింటికి పంపుతారు. సీట్ల మీద ఫ్యాక్టరీవాళ్ళు తొడిగిన ప్లాస్టిక్ అలాగే ఉంది. దాని కింద తోలు ఏ రంగో లెన్ గారికి కాగితం చూస్తే గాని తెలియదు.

ఇంటి పనులన్నీ పద్దెనిమిదేళ్ళ పాత పికప్ ట్రక్కు చూసుకుంటుంది. అది వాకిట్లో మంచులో పడి ఉంటుంది. కాళ్ళ దగ్గర తుప్పు పట్టి పడిన కంతలోంచి రోడ్డు కనబడుతుంది. ఆసుపత్రికి, కొట్టుకు, చర్చిలో శుక్రవారం చేపల భోజనానికి అదే. ప్రదర్శనల రోజున థండర్‌హెడ్‌ను ట్రైలరు మీదకెక్కిస్తే లాక్కెళ్ళేదీ అదే. నడిపేది బెర్నీస్. లెన్ గారికి నడపడం రాక కాదు. పక్క సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూచుని, దారి పొడవునా కారును ట్రైలరుకు బిగించిన కట్లు చూస్తూ ఉండాలి కదా.

ప్రదర్శనలో మేం చేసేది ఇదీ. చర్చి ఆవరణలో కార్లు వరసగా పెట్టి, బానెట్లు ఎత్తి, ఎవరి కారు వెనక వాళ్ళం మడత కుర్చీ వేసుకుని ఎనిమిది గంటలు కూచుంటాం. ఎవరైనా దగ్గరికొస్తే కంగారుపడతాం. ఎవరూ రాకపోతే బాధపడతాం.

ఈ జూన్‌లో కంటి డాక్టరు బెర్నీస్‌తో సెప్టెంబరు తర్వాత స్టీరింగ్ పట్టుకోవద్దన్నాడు. చూపు నడిమి నుంచి మాసిపోతోందని, వచ్చే వేసవికి అంచులు తప్ప పెద్దగా ఏమీ కనబడదని చెప్పాడు. ఆవిడ ఇంటికొచ్చి, గ్యారేజీ తలుపు దగ్గరే నిలబడి (లోపలికి చెప్పులతో రాకూడదు) అడిగింది.

"లెన్, ఈ వేసవిలో వంతెన దాటిద్దువు గాని."

"దాటిస్తాను. ఆగస్టులో బిళ్ళ రానీ. ఆ మర్నాడే బయల్దేరదాం."

"ఒట్టు?"

"ఒట్టు. పదేళ్ళు ఆగావు, రెండు నెలలు ఆగలేవా?"

బంగారు బిళ్ళకు అసలు నియమం ఒకటుంది. పదేళ్ళు నిండేనాటికి వంద మైళ్ళు దాటకూడదు. ఆవిడ రెండు నెలలు ఆగింది. జులై చివర మా సంఘం పత్రిక వాళ్ళింటికి వచ్చింది. దాన్ని రాసేది నేనే. ఆవిడ భూతద్దం పెట్టుకుని మొదటి పేజీ చదివింది. పదిహేనేళ్ళకు నూట పది మైళ్ళు దాటని కార్లకు ఈ ఏటి నుంచి ప్లాటినం బిళ్ళ ప్రవేశపెడుతున్నామని అందులో నేనే సగర్వంగా ప్రకటించాను. ఆ ప్రకటన చుట్టూ లెన్ గారు పెన్సిలుతో గుండ్రంగా గీసి ఉంచారు. ఆవిడ చదివి మడిచి పెట్టేసింది.

ఇక ప్రదర్శన రోజు. తర్వాత జరిగినదంతా లెన్ గారు సంఘానికి సమర్పించిన మూడు పేజీల వాంగ్మూలంలో ఉంది. అందులో లేనిది బెర్నీస్ మా ఆవిడతో ఫోన్లో చెప్పింది.

ప్రదర్శన జరిగే చర్చి మా ఊళ్ళకు ఉత్తరాన, గంట ప్రయాణం. బెర్నీస్ ట్రక్కు నడుపుతోంది. లెన్ గారు యథావిధిగా వెనక్కి తిరిగి కూచున్నారు. చర్చికి మలుపు వచ్చింది, పోయింది. ఆయన చూడలేదు. మరో గంట గడిచింది. ట్రక్కు ఎత్తుగా ఉన్న ఒక వంతెనెక్కేసరికి కారు మీది గుడ్డ గాలికి రెపరెపలాడింది. అప్పుడు తల తిప్పారు.

"ఇదేం వంతెన?"

"ఇది చిన్నది. పెద్దది ముందుంది."

"బెర్నీస్! నీకు మతి పోయిందా? ఆపు. బండి ఆపు!"

"పక్కకు తీయమంటావా? అంతా కంకర. రాళ్ళు ఎగిరి కారుకు తగుల్తాయి. తీయనా?"

లెన్ గారు పక్కన చూశారు. కంకరే.

"తీయకు."

"పోనీ ముందు మలుపులో తిప్పనా? అక్కడ రోడ్డు తవ్వి పెట్టారు."

"వద్దొద్దు. నెమ్మదిగా పోనీ."

అలా ఆయన ఇష్టప్రకారమే రెండు వందల మైళ్ళు ఉత్తరానికి వెళ్ళారు. దారిలో పెట్రోలుకు ఆగినప్పుడు గట్టిగా పోట్లాడదామని కిందికి దిగారు గాని, బంపరు మీద అంటుకున్న పురుగులు చూసి ఆ ఇరవై నిమిషాలూ వాటిని తుడవడంలో గడిపారు.

వంతెన దగ్గర గాలి జోరుగా ఉంది. ట్రైలర్లను వదలడం లేదు. కార్లు, ఖాళీ ట్రక్కులు పోవచ్చు. బెర్నీస్ బండిని ఒక మిఠాయి కొట్టు ముందున్న స్థలంలో ఆపి దిగింది. ఎదురుగా వంతెన, దాని కింద నీలంగా నీళ్ళు.

"మంచిదైంది. కారు దించు లెన్. ఒట్టు వేశావుగా, కార్లోనే పోదాం."

లెన్ గారికి మీటరు చూడక్కర్లేదు. ఆయనకు నోటికొచ్చు.

"తొంభై ఆరయ్యాయి. ఇంక నాలుగే ఉన్నాయి బెర్నీస్. వంతెన ఐదు."

"అయితే నాలుగు మైళ్ళు కార్లో పోయి, మిగతాది నడుద్దామా?"

"నడవనివ్వరు," అన్నారు ఆయన గంభీరంగా. "నడవనిచ్చేది ఏడాదికి ఒక్క రోజే."

ఆవిడ నవ్విందట. నవ్వి, కళ్ళు తుడుచుకుందట.

"వచ్చే ఏడు నాకు వంతెన కనబడదయ్యా. నీ కారూ కనబడదు. నీ మొహం కూడా కనబడదు."

లెన్ గారు మంచి మనిషే. కనబడకపోతేనేం, చేత్తో ముట్టుకుని చూడొచ్చు కదా అనబోయి, వేలిముద్రలు గుర్తొచ్చి ఆగిపోయారు. చాలాసేపు ఆలోచించి, చివరికి చేయవలసిన పని చేశారు. వంగి, ట్రైలరును ట్రక్కు నుంచి విడదీశారు.

"ఖాళీ ట్రక్కును పోనిస్తారు. నువ్వు చూసి రా. నేను కారు దగ్గరుంటాను. ఇక్కడ పిట్టలున్నాయి."

నిజమే, నెత్తిన నీటికాకులు తిరుగుతున్నాయి. బెర్నీస్ ఆయన వంక, కారు వంక, పిట్టల వంక చూసింది. ట్రక్కులోంచి మడత కుర్చీ తీసి కారు వెనక వేసింది. గొడుగు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"కూచో," అంది. అద్దాలు రెండూ దించుకుని వెళ్ళిపోయింది.

వెనక్కి రాలేదు.

లెన్ గారు ఫోను చేస్తే మేం, అంటే అధ్యక్షులు హ్యూబర్ట్ స్ట్రాబ్ గారు, ఒక న్యాయనిర్ణేత, నేను, మా ఆవిడ పాత వ్యానులో ఐదు గంటలు ప్రయాణించి మర్నాడు మధ్యాహ్నానికి చేరాం. మనిషిని తీసుకురావడానికి కాదు. నియమం ప్రకారం పరీక్ష ప్రదర్శన ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో పూర్తికావాలి. లెన్ గారు కుర్చీలో కూచుని గొడుగు కారుకు పట్టి ఉన్నారు. ఆయన టోపీ మీద, భుజాల మీద పిట్టలు చేయవలసింది చేసి ఉన్నాయి. కారు మీద చుక్క లేదు. మేం తెల్ల చేతితొడుగులు వేసుకుని, కర్రకు కట్టిన అద్దంతో కారు కింద చూశాం. మీటరు చదివాం. తొంభై ఆరు.

స్ట్రాబ్ గారు అక్కడికక్కడే బిళ్ళ గుచ్చి ఉపన్యసించారు.

"మిత్రులారా! మన పూర్వులు ఈ దేశాన్ని చక్రాల మీద నిలబెట్టారు. వారు తిరిగారు, తిరిగి అరగదీశారు. మనం ఆ తప్పు చేయలేదు. ఈ కారు తన చక్రం తాను తిప్పకుండా మూడు వందల మైళ్ళు వచ్చింది. ప్రలోభం ఐదు మైళ్ళ దూరంలో నిలబడి పిలిచినా కుబియాక్ గారు చలించలేదు. త్యాగమంటే ఇదీ!"

మిఠాయి తింటున్న యాత్రికులు వేలంపాట అనుకుని చప్పట్లు కొట్టారు. లెన్ గారు చప్పట్లకు తల వంచి, వంతెన మీద వచ్చే ప్రతి తుప్పు ట్రక్కు వంకా చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. ఆ పత్రికలో మొదటి పేజీ రాసింది నేనే. కాని నాకు సిగ్గేసిన సంగతి సమావేశ నివేదికలో రాయడానికి గడి లేదు.

బెర్నీస్ అవతల అక్క దగ్గరే ఉంది. రోజూ సాయంత్రం అక్క ఆవిడను సరస్సు దగ్గరికి తీసుకెళుతుంది, సీట్ల నిండా కుక్క వెంట్రుకలున్న కార్లో. చూపు ఉన్నన్నాళ్ళు చూస్తానంది. లెన్ గారికి ఒక కార్డు రాసింది. అక్షరాలు పెద్దవి, వంకర. "వంతెన బాగుంది. ఐదు మైళ్ళే." లెన్ గారు ఆ కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి ప్రదర్శనల్లో కారు పక్కన నిలబెడుతున్నారు. దాని మీద కూడా ఒక్క వేలిముద్ర లేదని మా న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారు.

సంఘం ఈ ఘటన నుంచి పాఠం నేర్చుకుని, ట్రైలరు లాగే వ్యక్తికి వంతెనకు అవతల బంధువులుండరాదని పద్నాలుగో నియమం చేర్చింది.

చివరిగా సభ్యత్వం గురించి. ఇతర దేశాల వారూ మా సంఘంలో చేరవచ్చు. కారు తప్పనిసరి కాదు. మీ టీవీ రిమోటు ఇంకా కవరులోనే ఉందా? వచ్చిన చుట్టాలెవరికీ తగదని అద్దాల బీరువాలో దాచిన పింగాణీ కప్పులున్నాయా? రిటైరయ్యాక చూద్దాంలే అని మీరు చెప్పగా, అప్పటి నుంచి మళ్ళీ అడగని మనిషి ఒకరు మీ వంటింట్లో ఉన్నారా? అయితే దరఖాస్తు పంపకండి. మీ పేరు మా జాబితాలో ఎప్పుడో ఎక్కింది.