గాలి పాఠానికి కట్టిన ఎర్ర గుడ్డ

బుధవారం ఉదయం ఉషారాణి టీచరు అనుకున్న పని చిన్నదే. పదకొండు మంది పిల్లలు, ఐదు తరగతులు, బడి నడిచే తుపాను షెల్టరు కింద ఒకే ఒక్క హాలు. అందరికీ కలిపి ఒకే పాఠం: గాలి ఎటు నుంచి వీస్తోంది? ఒకటో తరగతి వాళ్ళు వేలు తడిపి గాలికి పెట్టాలి. మూడో తరగతి వాళ్ళు నేల మీద సుద్దతో దిక్కులు గీయాలి. పెద్దవాళ్ళు మిద్దె మీది గడకు గుడ్డ కట్టి, అది ఎగిరే వైపు చూసి పలకల మీద రాయాలి.

పదకొండు గంటలకు విద్యాశాఖ అధికారి పద్మనాభయ్య గారు వస్తారు. పిల్లలు తక్కువ కాబట్టి ఈ బడిని పక్కూరి బడిలో కలపాలా వద్దా అన్నది ఆయన తేల్చాలి. పక్కూరికి నాలుగు కిలోమీటర్ల ఇసుక దారి. చిన్నవాళ్ళను అంత దూరం పంపేది లేదని తల్లులు ముందే చెప్పేశారు. బడి పోతే ఒకరు మేనమామ ఇంటికి, ఒకరు హాస్టలుకు, కొందరు ఎక్కడికీ కాకుండా చెదిరిపోతారు. వారం రోజులుగా ఉషారాణికి అన్నం సయించడం లేదు.

మొదట కట్టిన తెల్ల రుమాలు కిందికి కనబడలేదు. వెతికితే బీరువాలో మడత పెట్టిన పెద్ద ఎర్ర గుడ్డ దొరికింది.

"ఇది బాగుంది, కట్టండి" అంది ఉషారాణి. ఆమెది గూడూరు. పులికాట్ ఒడ్డున ఉన్న ఈ జాలర్ల కుప్పానికి వచ్చి మూడు నెలలే అయింది.

నాలుగో తరగతి రోజారమణి చెయ్యెత్తింది.

"వంతు వచ్చినప్పుడు మాట్లాడాలమ్మా."

రోజారమణి వంతు ఐదోది. అది వచ్చేసరికి గుడ్డ పైన రెపరెపలాడుతోంది.

"టీచరమ్మా, తుపాను వచ్చేటప్పుడు మునెయ్య మామ కట్టేది ఆ గుడ్డే. అది ఎగిరితే పడవలన్నీ ఎనక్కి వచ్చేస్తాయి."

ఉషారాణి కిటికీలోంచి చూసింది. వచ్చేస్తున్నాయి.

ముందుగా పడవ ఇంజను భుజాన వేసుకుని పెంచల్ పరుగున వచ్చాడు. "ఎంత పెద్దదంట టీచరమ్మా?"

"తుపాను లేదన్నా, ఇది పాఠం. భయపడాల్సింది ఏమీ లేదు."

పెంచల్ వెనక్కి తిరిగి కేకేశాడు. "భయపడొద్దంటుండాది! పెద్దదే!"

అరగంటలో బియ్యం మూటలు, పరుపులు, రెండు టీవీలు, కోళ్ళ గంప, మేకలు హాల్లోకి చేరాయి. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదని ఉషారాణి చూపించింది. "ముందర ఇట్టనే ఉంటాది" అన్నారు ఆడవాళ్ళు జాలిగా. దిక్కుల ముగ్గులో పడమర మీద ఒక మేక పడుకుంది.

గుడ్డ దించేద్దామని ఆమె మెట్లెక్కబోతే నాగులమ్మ అడ్డంగా కూర్చుని ఉంది. మునెయ్య తల్లి, డెబ్భై దాటిన మనిషి.

"నా కొడుకు ఇంకా రాలా. ఆఖరి మనిషి గట్టెక్కందే గుడ్డ దించకూడదు. ఒకసారి దించేసినారు. వాళ్ళ నాయన అప్పటికింకా నీళ్ళలోనే..."

ఉషారాణి పక్క మెట్టు మీద కూర్చుంది.

సరిగ్గా పదకొండుకు పద్మనాభయ్య బండి ఆగింది.

"సర్కారోళ్ళు గూడా వచ్చేసినారు!" అన్నాడు పెంచల్. అనుమానం ఉన్న నలుగురు కూడా మూటలు సర్దుకుని లోపలికి వచ్చేశారు.

"పులిహోర పొట్లాలు యాడ సార్?" అని ఒక ముసలాయన అడిగాడు.

పద్మనాభయ్య ఫైలు తెరిచాడు. "ఎంతమంది ఉన్నారమ్మా?"

ఉషారాణి నోరు తెరిచేలోపే పెంచల్ చెప్పాడు. "నూట నలభై సార్, మేకలు గాక."

ఒకటో తరగతి వెన్నెల తడి వేలు ఎత్తి పట్టుకుని ఆయన దగ్గరకు వచ్చింది. "తూర్పు గాలి సార్. రోజూ వచ్చేదే."

ఆ హాల్లో ఆయనకు నిజం చెప్పింది ఆ పిల్ల ఒక్కతే.

పన్నెండుకు మునెయ్య వచ్చాడు. అవతలి ఒడ్డున పడవలో నిద్రపోయాడట. "నేను కట్టందే ఆ గుడ్డ ఎవరు కట్టినారు?" అన్నాడు.

నాగులమ్మ వాడి వీపు మీద రెండు చరిచి, తానే మెట్లెక్కి గుడ్డ దించింది. "ఎవరైతే ఏం? గమ్మున అన్నం తిను పో."

విషయం తెలిశాక ఊరు టీచరును తిట్టలేదు. గుడ్డ మూడేళ్ళుగా ఎగరలేదని, ఇంకా పనిచేస్తోందని సంతోషించి, మేకలను తోలుకుపోయింది. పద్మనాభయ్య మాత్రం హాలు పొడుగు వెడల్పులు అడుగులతో కొలిచి ఏదో రాసుకున్నాడు.

"సార్, బడి..."

"కలపక తప్పదమ్మా" అని బండెక్కాడు.

ఆ రాత్రి ఉషారాణి పిల్లల పేర్లు పదకొండూ ఒక కాగితం మీద రాసి దాచుకుంది.

పదిహేను రోజులకు ఉత్తర్వు వచ్చింది. నూట నలభై మంది పట్టే హాలు ఇక్కడ ఉండగా, కారే రేకుల కింద పక్కూరి బడి నడపడం అనవసరమట. ఆ బడినే ఇందులో కలిపేశారు. పదకొండు మందికి ఆటో ఇవ్వరు గాని ముప్పై ఏడు మందికి ఇస్తారు కనుక, పక్కూరి పిల్లలు సోమవారం రెండు ఆటోల్లో విడతలుగా దిగారు. మొత్తం నలభై ఎనిమిది మంది.

పక్కూరి టీచరును మాత్రం కలపలేదు.