గడ్డానికి బాణం గుర్తులు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది నలుగురం. ముందు గదిలో కుట్టుమిషను దగ్గర అమ్మ. మంచం మీద నానమ్మ, నిద్రపోతున్నానని అందరికీ చెబుతూ మెలకువగా. స్నానాల గదిలో నాన్న, లోపల గడియ వేసుకుని. ఆ గది గుమ్మం బయట పీట మీద నేను, నాన్న కాపలా పెట్టగా.

నా పని చాలా చిన్నది. మిషను చప్పుడు ఆగితే దగ్గాలి. ఇంత తేలికైన ఉద్యోగం ఎవరికీ దొరకదని నాన్న అన్నాడు. కానీ నేను దగ్గితే పక్కనున్న వాళ్ళకే వినపడదు. బడిలో హాజరు పలికినా మాస్టారు నేను రాలేదనే రాసుకునేవారు. ఆ సంగతి నాన్న మరిచిపోయాడు.

నాన్న బట్టల షోరూము గోడౌనులో పనిచేస్తాడు. బేళ్ళు దించాలి, వాటి మీద గుర్తులు వేయాలి, ఏది ఎక్కడుందో అడిగిన వెంటనే చెప్పాలి. ఏళ్ళ తరబడి దుమ్ము మింగిన మనిషికి ఇప్పుడు ఒక ఆశ పుట్టింది. షోరూము కౌంటరులో కుర్చీ ఖాళీ అయింది. మామూలు కుర్చీ కాదు, ఫ్యాను కింద కుర్చీ. దుమ్ముకి రాత్రంతా దగ్గే నాన్నకి ఆ ఫ్యానే కలలోకి వచ్చేది.

ఉన్న అడ్డమల్లా నాన్న గడ్డమే. ఎంత నవ్వినా మొహం మీద ఒక్క ముడత పడని ఓనరుగారికి పనివాళ్ళు పెట్టిన పేరు ఇస్త్రీగారు. కౌంటరులో కూర్చునే మగవాడి మొహం కూడా ఇస్త్రీ చేసినట్టే ఉండాలని ఆయన నియమం.

నాన్న గడ్డం సరదాకి పెంచింది కాదు. ఆయన చర్మం మహా సున్నితం. దిండు ముడత చెంప మీద పడితే భోజనాల వేళ దాకా అలాగే ఉంటుంది. పోయినసారి ఫోటో కోసమని మూడు బ్లేళ్ళ ప్లాస్టిక్ రేజరుతో గీసుకుంటే మెడంతా దద్దుర్లు లేచాయి. ఫోటో తీసేవాడు, "తేనెటీగలు ఎక్కడ కుట్టాయండీ?" అని జాలిగా అడిగాడు.

అందుకే అమ్మ ముందే చెప్పింది. "ఇప్పటినుంచే మెల్లమెల్లగా గీసి అలవాటు చేయండి. చివరి రోజు దాకా ఆగి ప్రాణం మీదికి తెచ్చుకోకండి."

"నా మొహం సంగతి నాకు తెలియదా?"

"మీకు అద్దంలోనే కనపడుతుంది. రోజంతా చూసేది నేను."

ఆ మాటకి నాన్నకి పౌరుషం వచ్చింది. షోరూము ప్యాంట్లకి అంచులు కుట్టేది అమ్మే. అవి తీసుకెళ్ళడానికి ఇస్త్రీగారు ఆ సాయంత్రం మా ఇంటికి వస్తారు. ఈలోపు అమ్మకి తెలియకుండా గడ్డం తీసేసి, నున్నటి మొహంతో ఇద్దరి ముందూ ఒకేసారి నిలబడాలని నాన్న పథకం.

దానికోసం పాతకాలపు రేజరు ఒకటి కొన్నాడు. బరువైన ఇనుప పిడి, రెండంచుల బ్లేడు ఒకటే. కొట్టువాడు మూడు మాటలు చెప్పాడట. చెయ్యి నొక్కకూడదు, రేజరు బరువే పని చేసుకుపోతుంది. చర్మం బాగా తడవాలి. వెంట్రుక ఎటు వాలి ఉంటే అటే గీయాలి, ఎదురు గీస్తే సున్నితమైన చర్మం ఊరుకోదు.

తలుపు కాస్త తెరుచుకుంది. నాన్న తల బయటికి వచ్చింది. గడ్డాన్ని కత్తెరతో పొట్టిగా కత్తిరించేశాడు.

"దగ్గావా?"

"లేదు నాన్నా."

"అయితే లోపలికొచ్చి అద్దం పట్టుకో."

నేను అద్దం పట్టుకున్నాను. నాన్న వేళ్ళతో చెంపలు తడుముకుంటూ వాలు వెతకడం మొదలుపెట్టాడు. "ఇక్కడ కిందికి. ఇక్కడ చెవి వైపుకి. ఇదిగో, మెడ మీద సుడి తిరిగింది. ఇన్ని దారులు ఎవరికి గుర్తుంటాయే? ఏదైనా పెన్ను ఇవ్వు."

నా స్కెచ్ పెన్ను ఎండిపోయింది. నాన్న చెయ్యి అలవాటుగా కొక్కేనికి తగిలించిన చొక్కా జేబులోకి వెళ్ళింది. గోడౌనులో బేళ్ళ మీద రాసే లావు పెన్ను బయటికొచ్చింది.

"నాన్నా, ఆ పెన్ను…"

"కదలకు. అద్దం వణుకుతోంది."

బేలు మీద 'ఈ వైపు పైకి' అని వేసినంత శ్రద్ధగా మొహం నిండా బాణాలు వేసుకున్నాడు. చెంపకి ఇన్ని, గడ్డానికి ఇన్ని, మెడ సుడి దగ్గర ఒక గుండ్రటి బాణం. తర్వాత వేడినీళ్ళ తువ్వాలు కప్పుకున్నాడు. గిన్నెలో సబ్బు మీద బ్రష్షు తిప్పి తిప్పి నురగ తీశాడు. నురగ పట్టించగానే బాణాలన్నీ మాయమయ్యాయి. నాన్న ఆ నురగంతా తుడిచేశాడు.

చివరికి నురగ పలచగా పూసి, కింద బాణం కనపడుతుంటే గీయడం మొదలుపెట్టాడు. నన్ను మళ్ళీ కాపలాకి పంపాడు.

మిషను నడుస్తోంది. లోపల రేజరు గరగరమంటోంది. ఈలోగా నానమ్మ లేచి వచ్చి తలుపు కొట్టింది.

"ఒరేయ్, ఎంతసేపురా? లోపల కాపురం పెట్టావా?"

"వస్తున్నానమ్మా. నువ్వు పడుకో."

"పడుకునే వచ్చాను. ఇక ఆగేది లేదు."

"కాసేపు ఆగవే తల్లీ, కత్తి మెడ మీద ఉంది."

నానమ్మ నా వైపు చూసింది. "ఎవరు పెట్టారే?" అని అడిగింది. నేను నేల చూపులు చూశాను. ఆవిడ గొణుక్కుంటూ పక్కింటికి వెళ్ళింది.

గరగర ఆగింది. చన్నీళ్ళు చల్లుకున్న చప్పుడైంది. తర్వాత, "అబ్బ, ఒక్క దద్దురు లేదు" అని నాన్న తనకి తనే చెప్పుకున్నాడు. తలుపు సందులోంచి చూశాను.

గడ్డం పోయింది. బాణాలు మిగిలాయి.

వానలో నానినా చెరగని సిరా అది. నాన్న సబ్బుతో రుద్దాడు. చర్మం ఎర్రబడింది కానీ బాణాలు మాత్రం ఎర్రటి నేల మీద ఇంకా బాగా కనపడ్డాయి. నాన్న గదిలో అటు రెండడుగులు, ఇటు రెండడుగులు నడిచాడు. అంతకన్నా నడవడానికి అక్కడ చోటు లేదు.

అప్పుడే మిషను ఆగింది. నేను దగ్గాను. అమ్మ వచ్చి నా ముందు నిలబడింది.

"గుమ్మంలో ఏం చేస్తున్నావే?"

"దగ్గుతున్నాను."

"మంచినీళ్ళు తాగు. మీ నాన్నేరి?"

నేను చెప్పక్కర్లేకపోయింది. బయట స్కూటరు ఆగింది. ఇస్త్రీగారు చెప్పిన వేళకన్నా ముందే వచ్చేశారు. "ఏమయ్యా, ఉన్నావా?" అన్న కేక విని స్నానాల గది తలుపు తెరుచుకుంది. కళ్ళు, ముక్కు తప్ప మొహమంతా జానెడు మందాన నురగతో నాన్న బయటికొచ్చాడు.

అమ్మ ఆ నురగనీ, చేతిలో రేజరునీ చూసింది. పళ్ళ బిగువున, "ఇవాళే కుదిరిందా?" అంది. వెంటనే ఇస్త్రీగారి వైపు తిరిగి, "రండి, కూర్చోండి. మీరొస్తున్నారనే గీసుకుంటున్నారు" అంది.

"కానీయవయ్యా. ఈలోగా ఆ కౌంటరు పని గురించి రెండు మాటలు అడుగుతాను. కొన్న చొక్కా మర్నాడు తెచ్చి వాపసు తీసుకోమని కస్టమరు గొడవ చేస్తే ఏం చేస్తావు?"

నాన్న నోరు తెరిచాడు. నురగ లోపలికి వెళ్ళింది. ఒక బుడగ బయటికొచ్చింది.

"ముందు కుర్చీ వేస్తారండీ" అంది అమ్మ. "కూర్చున్నాక మనిషి అంత గట్టిగా అరవలేడు. తర్వాత చొక్కా మడత విప్పి, మీకు నచ్చనిది ఏమిటో చూపించండి అంటారు."

"రంగు దిగుతుందా అని అడిగితే?"

"బ్…" అన్నాడు నాన్న.

"దిగే గుడ్డయితే దిగుతుందనే చెప్తారు. మొదట విడిగా ఉతుక్కోమంటారు. అబద్ధం చెప్పి అమ్మితే ఆ మనిషి మళ్ళీ మన గుమ్మం ఎక్కడు కదండీ."

ఇస్త్రీగారు ముందుకు వంగి కూర్చున్నారు. బేరం తగ్గించమనేవాళ్ళ గురించి, పది చీరలు విప్పించి ఒక్కటీ కొననివాళ్ళ గురించి అడిగారు. నాన్న తల ఊపుతూనే ఉన్నాడు, అమ్మ చెబుతూనే ఉంది. తల ఊపినప్పుడల్లా నురగ కాస్త కిందికి జారింది. ముందు కుడి చెంప మీద ఒక బాణం బయటపడింది. తర్వాత దాని తమ్ముడు.

"ఏంటయ్యా అవి?"

ఇక దాచి లాభం లేదని నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఇస్త్రీగారు చెంప నుంచి చెంపకి, అక్కణ్ణుంచి మెడ సుడికి బాణాల వెంట చూపు నడిపించారు.

"మన గోడౌను పెన్నేనా?"

"అవునండి."

"అది చెరగదు కదయ్యా."

"చెరగదండి. నేనే వెతికి తెప్పించాను." ఆ స్థితిలోనూ నాన్న గొంతులో కాస్త గర్వం వినపడింది.

"గోడౌను మనిషి కదండీ" అంది అమ్మ. "గుర్తు వేయకుండా ఏదీ దించరు, గడ్డమైనా సరే."

ఇస్త్రీగారి మొహం మీద నేను మొదటిసారి ముడతలు చూశాను. ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ప్యాంట్ల కట్ట చంకన పెట్టుకుని లేచారు. "రేపు తొమ్మిదికల్లా కౌంటరు దగ్గర ఉండాలి."

"ఉంటానండి" అన్నాడు నాన్న చేతులు కట్టుకుని.

"నువ్వు కాదయ్యా. మీ ఆవిడ."

నాన్న తన నున్నటి చెంప తడుముకున్నాడు. "నేను గడ్డం కూడా…"

"ఆవిడకి ఆ బెడద లేదు కదా. నువ్వు హాయిగా పెంచుకో. ఆ గోడౌనుకి ఒక ఫ్యాను పెట్టిస్తాలే, ఎప్పుడూ నోరు తెరిచి అడిగావు కాదు. ఏమంటారమ్మా?"

అమ్మ ఆయన వైపు చూడలేదు. నాన్న వైపు చూసింది. ఇంతసేపూ చకచకా వచ్చిన మాటలన్నీ ఎటు పోయాయో, చీర కొంగు మెలిపెడుతూ నిలబడింది.

నాన్న ఒకసారి గొంతు సవరించుకున్నాడు. "వస్తుందండి. నేనే తీసుకొచ్చి దింపుతాను" అన్నాడు.

స్కూటరు వెళ్ళిపోయింది. అమ్మ కొబ్బరినూనె, దూది తీసుకుని నాన్నని లోపలి గదిలో కూర్చోబెట్టింది. ఒక్కో బాణం మీద నూనె అద్ది మెల్లగా తుడుస్తోంది.

"నిజం చెప్పండి. కష్టంగా ఉందా?"

"ఉంది. నువ్వు ఎదురు తుడుస్తున్నావు. బాణం ఎటుందో చూడు."

అమ్మ చెయ్యి ఆగింది. భుజాలు కదిలాయి. నవ్వుతోందని నాకు కాసేపటికి అర్థమైంది. నాన్న కూడా నవ్వబోయి, మొహం మండి మానుకున్నాడు. "రేపు పొద్దున అక్కడ ఏం కట్టుకుంటావు?" అని అడిగాడు.

అప్పుడు అమ్మ గుమ్మంలో నన్ను చూసింది. "నువ్వేంటే ఇక్కడ? వెళ్ళి పొయ్యి మీద పాలు చూడు, పొంగిపోతాయి" అంది.

పొయ్యి మీద పాలేమీ లేవని చెప్పబోయాను. నా గొంతు పైకి వచ్చేలోపే అమ్మ తలుపు వేసేసింది.