నెవిల్ గారి ఉల్లిసాగు రికార్డు

నెవిల్ ఆగ్డెన్ ఆ ఆదివారం కారు డిక్కీలో గడ్డి కోసే మిషను పెట్టుకుని బయల్దేరాడు. బ్లేడు సాన పట్టించుకు రమ్మని భార్య పంపింది. దారిలో పాతసామాన్ల సంత తగిలింది. ఇంటికి వచ్చేసరికి డిక్కీలో మిషను లేదు. స్వెట్టరు లోపల, పొట్టకు ఆనించుకుని, అట్టకవరులో ఒక చిన్న పాటల రికార్డు ఉంది.

వంటింటి గుమ్మంలోనే మొరీన్ ఎదురైంది.

“మిషనేదయ్యా?”

“సానకిచ్చాను.”

“ఎప్పుడిస్తారట?”

“పాపం వాళ్ళకి చేతినిండా పనట.”

“సరేగానీ, నీ పొట్టేమిటి నలుపలకలుగా ఉంది?”

“దారిలో మాంసం కూరిన రొట్టె తిన్నాను.”

“ఆ రొట్టె గుండ్రంగా ఉంటుందిగా?”

“ఇప్పుడు ఇలాగే చేస్తున్నారు” అని నెవిల్ మెట్లెక్కి పారిపోయాడు. ముప్పయ్యేళ్ళు చోర్లీ వీధుల్లో బస్సు నడిపిన మనిషి, ఇరుకు సందుల్లో ఎప్పుడూ గీత కూడా పడనివ్వలేదు. పెళ్ళాం ముందు అబద్ధం మాత్రం ఒక్కటీ తిన్నగా తోలలేకపోయాడు.

ఆయన్ని స్నేహితులు బిళ్ళల నెవిల్ అంటారు. రికార్డు బిళ్ళలు ఆ ఇంట్లో లేని చోటు పొయ్యి లోపల ఒక్కటే, అదీ మొరీన్ రోజూ వెలిగిస్తుంది కాబట్టి. ఒకసారి అటక మీది పెట్టె మొరీన్ చెల్లెలి నెత్తిన పడింది. అప్పటినుంచీ ఇంట్లో ఒకటే చట్టం. ఒకటి లోపలికొస్తే ఇంకొకటి బయటికి పోవాలి. ఏది పోవాలో మొరీన్ చెబుతుంది.

అన్నీ సోల్ అనే అమెరికా పాటలే. ఎక్కడో డెట్రాయిట్‌లో ఒక నల్లజాతి కుర్రాడు ప్రాణం పెట్టి పాడితే అక్కడ కొన్న నాథుడు లేడు. ఆ పాట ఏళ్ళ తర్వాత సముద్రం దాటి వచ్చి, ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల్లో పనిచేసే పిల్లల కాళ్ళలో పడింది. శనివారం వస్తే చాలు, ఎంబసీ అనే డాన్సు హాలు ముందు క్యూ. లోపల సారా చుక్క దొరకదు, టీ నీళ్ళే. చెక్కనేల మీద టాల్కం పౌడరు చల్లుకుని, కింద గంటలా వెడల్పైన ప్యాంట్లు వేసుకుని, చెమటతో తడిసి ముద్దయ్యేదాకా గిరగిర తిరిగేవాళ్ళు. ఇప్పుడా ఎంబసీ లేదు. అక్కడ కార్లు నిలుపుకుంటున్నారు. నెవిల్ మాత్రం అక్కడ కారు పెట్టడు. డాన్సు నేల మీద కారేమిటి, అవమానం కాదూ అంటాడు.

అక్కడే మొరీన్ దొరికింది. ఆమె టీ కౌంటరు పిల్ల. నెవిల్ గొప్పలకు పోయి వెనక్కి వాలి నేలమీదినుంచి లేవబోయాడు. పౌడరు ఎక్కువై జర్రున జారి, ట్రే మోసుకుపోతున్న ఆమె కాళ్ళ మధ్యకి వెళ్ళి ఆగాడు. కప్పులన్నీ ఆయన ఛాతీ మీదే పగిలాయి. తిడుతుందనుకున్నాడు. ఆమె ట్రే పక్కన పడేసి, చెయ్యి అందించి లేపి, ఆ పాట అయ్యేదాకా ఆయనతో ఆడింది.

ఆ పాట పాడినవాడి పేరు బేసిల్ మార్జోరమ్. అంటే, రికార్డు మీద అతికించిన తెల్లకాగితంలో అలా రాసి ఉంది. ఎంబసీలో పాటలు వేసే రాస్కో, మంచి పాట దొరికితే అసలు పేరు కప్పేసి దొంగపేరు అతికించేవాడు. పోటీ క్లబ్బులవాళ్ళు వెతుక్కుని చావాలని. వాళ్ళు చచ్చారో లేదో గానీ నెవిల్ చచ్చాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ బ్లాక్‌పూల్ నుంచి స్టోక్ దాకా ప్రతి సంతలోనూ “బేసిల్ మార్జోరమ్ ఉందా అండీ?” అని అడిగాడు. అలాంటి మనిషి భూమ్మీద లేడని అందరూ చెప్పారు. రాస్కోని అడుగుదామన్నా, ఆ రహస్యాన్ని గుండెలో పెట్టుకునే పైకి పోయాడు.

ఆ ఆదివారం మాత్రం సంతలో నెవిల్ ఒక ముసలాయన పెట్టెలోంచి ఏదో బిళ్ళ తీసి, వెంట తెచ్చుకున్న చిన్న ప్లేయరులో సూది పెట్టి విన్నాడు. మొదటి డప్పు దెబ్బకే గుర్తుపట్టాడు. అదే పాట! బిళ్ళ మీద డెల్రాయ్ ఫించ్ అని ఎవడి పేరో ఉంది. ముసలాయనకు పాట విలువ తెలియదు. ఆయనకు కావలసింది గడ్డి కోసే మిషను.

ఆ ఏడు మొరీన్ మోకాలికి ఆపరేషను జరిగింది. మోకాలు బాగానే ఉంది. ఆమే బాగా లేదు. “నా డాన్సు అయిపోయిందిలే నెవిల్” అని ఒకరోజు బంగాళాదుంపలు చెక్కుతూ అంది. ఎంతో మామూలుగా అంది. ఆ మామూలుతనానికే నెవిల్‌కి దుఃఖం వచ్చింది. రాబోయే నలభయ్యో పెళ్ళిరోజుకి బౌలింగ్ క్లబ్బు హాలు మాట్లాడాడు. అందరి ముందూ ఈ పాట వేస్తే, ఆ కాళ్ళు మళ్ళీ లేస్తాయని ఆయన నమ్మకం. లేవకపోతే ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు.

అందాకా దాచాలి కదా? రాస్కో విద్యే గుర్తొచ్చింది. మొరీన్ చోర్లీ కేకుల పిండి కోసే రేకు అచ్చు తీసుకుని తెల్లకాగితం మీద గుండ్రంగా కోశాడు. అచ్చు మొరీన్ వాళ్ళమ్మ నాటిది. బిళ్ళ మధ్య పేరుండే చోటికి కొలిచినట్టు సరిపోయింది. అంత సరిగ్గా ఎలా సరిపోయిందా అని ఆయనకు తట్టలేదు. మొరీన్ చచ్చినా వినని విషయం ఏమిటా అని ఆలోచించి దాని మీద ఇలా రాశాడు: ‘ఉల్లి సాగులో మెళకువలు. ఉపన్యాసం: పాదరీ హంఫ్రీ బటర్‌వర్త్ గారు.’ దాన్ని బిళ్ళకి అతికించి, తీసుకెళ్ళి మొరీన్ వాళ్ళ పిన్ని వదిలిపోయిన పాత రికార్డుల మధ్య దూర్చాడు.

నాలుగు రోజులు గడిచాయి. చర్చివాళ్ళ పాతసామాన్ల అమ్మకం వచ్చింది. నెవిల్ టీ తాగుతుంటే మొరీన్ చేతిలో ఒక బిళ్ళ పట్టుకుని నిలబడింది.

“ఇది ఇస్తున్నా.”

ఆ తెల్లకాగితం చూడగానే నెవిల్‌కి టీ అడ్డం పడింది.

“అది... అది ఉంచుదాం మొరీన్. ఎప్పుడైనా పనికొస్తుంది.”

“నీకు ఉల్లిపాయ తరగడమే చేతకాదు. పెంచుతావా?”

“నేర్చుకుంటాను.”

“ముందు గడ్డి కోయడం నేర్చుకో. నిన్న పక్కింటి పిల్లి మన పెరట్లోకి వచ్చింది. ఇవాళ్టికీ దారి తెలియక అందులోనే తిరుగుతోంది. మిషనేదయ్యా?”

మిషను మాటెత్తగానే నెవిల్ టీ కప్పులోకి తల దించాడు. బిళ్ళ ఆమె సంచిలోకి వెళ్ళింది.

వెనకే చర్చి హాలుకి పరిగెత్తాడు. అప్పటికే అమ్ముడైపోయింది. ఎవరు కొన్నారంటే ఉల్లి క్లెగ్ కొన్నాడన్నారు.

ఆల్బర్ట్ క్లెగ్ ఎనభయ్యేళ్ళ పెద్దమనిషి. ఏటా ఉల్లి పోటీలో పసిపిల్లాడి తలకాయంత ఉల్లిగడ్డ పట్టుకొచ్చి రెండో బహుమతి తెచ్చుకుంటాడు. చెవులు అంతంతమాత్రం. నెవిల్ వెళ్ళేసరికి తన ఉల్లి మడి గట్టున షెడ్డు ముందు కూర్చుని ఉన్నాడు.

“క్లెగ్ గారూ, ఆ ఉల్లి రికార్డు నాకిచ్చేస్తారా? దానికి బదులు ఏం కావాలన్నా ఇస్తాను.”

“ఎందుకబ్బాయ్? నువ్వూ పోటీకి దిగుతున్నావా?”

“అబ్బే, పాదరీ గారి గొంతంటే నాకు ప్రాణం.”

“ఏం గొంతయ్యా ఆయనది! ముక్కుతో మాట్లాడినా, ఒకటి రెండు మూడు, తిరుగు! ఒకటి రెండు మూడు, తిరుగు! అలా చెబుతుంటే పార దానంతటదే ఆడుతోంది.”

నెవిల్ మడి వైపు చూశాడు. ఉల్లి నారు వరసల్లో లేదు. మెలికలు తిరిగి ఉంది. పాపం, చెవుడు కదా, డప్పు దెబ్బలే లెక్కలనుకుంటున్నాడు అని జాలిపడ్డాడు. ఆ షెడ్డులోని మొద్దుసూది కింద తన పాట ఏమైపోతోందో!

“ఒక్కసారి వినిపించండి.”

“అమ్మో! తలుపు మూసుకుని ఒక్కణ్ణే వింటా. అవతల మడివాళ్ళు చెవులు రిక్కించుకుని ఉన్నారు.” క్లెగ్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. “పోటీ అయ్యాక ఇస్తా. అందాకా నాకు ఎరువుకి గుర్రపు లద్దె మోసిపెట్టాలి. నడుం వంగడం లేదబ్బాయ్.”

పోటీ పెళ్ళిరోజుకి ముందురోజే. నెవిల్ చేసేది లేక తోపుడుబండి పట్టాడు.

ఇంట్లో మొరీన్ ముక్కు మూసుకునేది.

“ఏమిటయ్యా ఈ వాసన?”

“నడక మొదలెట్టాను. దారిలో గుర్రపుశాల ఉంది.”

“దాని పక్కగా నడుస్తున్నావా, అందులోంచి నడుస్తున్నావా?”

“డాక్టరు గట్టిగా గాలి పీల్చమన్నాడు.”

“బాగానే పీల్చావు. బూట్లు బయట విప్పు.” అంటూనే వేడినీళ్ళు తోడి పెట్టేది. వీపు రుద్దుతుంటే ఎందుకో ఆమె భుజాలు కదిలేవి. ఏడుస్తోందేమోనని నెవిల్ కంగారుపడేవాడు.

ఆ ఏడాది క్లెగ్‌కి మొదటి బహుమతి వచ్చింది. కప్పు చంకలో పెట్టుకుని, మాట ప్రకారం బిళ్ళ ఇచ్చేశాడు. తన తెల్లకాగితం, తన చేతిరాత చూసి నెవిల్ కళ్ళు చెమర్చాయి. బిళ్ళ అంచు చూసి ఏ కంపెనీదో చెప్పేసే మనిషి, ఆ ఆనందంలో అంచు చూడనేలేదు. మొరీన్ వింటుందని ఇంట్లో వేసి చూడలేదు. తువ్వాలులో చుట్టి తలగడ కింద పెట్టుకున్నాడు.

పెళ్ళిరోజు మధ్యాహ్నం హాలు నిండింది. పాత ఎంబసీ జనమంతా పాత ప్యాంట్లలోనే వచ్చారు. గుండీలు పట్టనివాళ్ళు బెల్టులతో సర్దుకున్నారు. క్లెగ్ కప్పుతో సహా వచ్చాడు. మొరీన్ గోడ పక్క కుర్చీలో, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మోకాలి మీద చెయ్యి వేసుకుని ఉంది. నెవిల్ నేలమీద పౌడరు చల్లి, మైకు పట్టుకున్నాడు.

“మొరీన్... నీ కప్పులు పగలగొట్టిన రోజు మోగిన పాట. దొరికింది. బేసిల్ మార్జోరమ్!”

సూది దించాడు.

కాసేపు గరగర. తర్వాత ముక్కుతో మాట్లాడే ఒక పెద్దమనిషి గొంతు.

“వాల్ట్జ్ నృత్యం. మొదటి పాఠం. పురుషుడు తన జోడీకి ఎదురుగా నిలబడవలెను. ఎడమకాలు ముందుకు. ఒకటి, రెండు, మూడు. తిరుగు.”

“మా పాదరీ గారే!” అని క్లెగ్ లేచి నిలబడ్డాడు. “ఈయన చెప్పినట్టు తవ్వే కప్పు కొట్టాను!” అంటూ లేని పారతో మూడడుగులు వేసి, తిరిగి చూపించాడు.

హాలు పడీపడీ నవ్వింది. నెవిల్ ఆపడానికి చెయ్యి చాచాడు గానీ, ఆ చేతిని ఎవరో పట్టుకున్నారు. మొరీన్. కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో!

“పెద్దాయన చెబుతున్నాడుగా. ఎదురుగా నిలబడు.”

“మొరీన్, ఇది కాదు, ఆ పాట...”

“ఎడమకాలు, నెవిల్.”

ఒకటి, రెండు, మూడు. తిరుగు. మొరీన్ మోకాలు తిరిగింది. ఒకసారి తూలబోయింది, ఆయన పట్టుకున్నాడు. పాఠం అయ్యేదాకా ఇద్దరూ తిరిగారు. నవ్వినవాళ్ళే కళ్ళు తుడుచుకున్నారు.

పాఠం ముగిశాక మొరీన్ హ్యాండ్‌బ్యాగులోంచి ఒక బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టింది. తెల్లకాగితం లేదు. డెల్రాయ్ ఫించ్.

“కేకు అచ్చుకి జిగురంటించి వదిలేస్తావా? కెటిల్ ఆవిరి పట్టి నీ కాగితం ఊడదీసి, మా పిన్ని డాన్సు పాఠానికి అతికించా. క్లెగ్ గారి కోసమే అమ్మకంలో పెట్టించా. నడుం నొప్పి, సాయం లేదని చర్చిలో బాధపడుతుంటే విన్నాలే. బిళ్ళ కోసం నువ్వెలాగూ ఆయన వెనక పడతావు.”

“అంత లద్దె మోయించావా నాతో!”

“వీపు రుద్దానుగా.”

నెవిల్ బిళ్ళ కేసి చూశాడు. “పోనీ ఇదే ఆ పాటని నీకెలా తెలుసు?”

మొరీన్ కాస్త సిగ్గుపడింది. “రాస్కోకి ఆ కాగితాలు కోసిపెట్టింది ఎవరనుకున్నావు? ఆ అచ్చుతోనే. పేర్లూ నేనే పెట్టేదాన్ని. బేసిల్, మార్జోరమ్, రెండూ మా అమ్మ మసాలా సీసాల మీది పేర్లు.”

“అంటే... అసలు పేరు నీకు మొదట్నుంచీ తెలుసా? నలభయ్యేళ్ళు మసాలా కోసం తిప్పావా నన్ను?”

“పెళ్ళయిన కొత్తలో చెప్పేద్దామనే అనుకున్నా. నువ్వు బ్లాక్‌పూల్ నుంచి వట్టి చేతులతో వచ్చి, వానలో తడిసి, ‘దొరకలేదు మొరీన్, వచ్చేవారం దొరుకుతుంది’ అన్నావు. నా పాట కోసం అంత సంబరంగా తిరిగే మనిషికి ఎలా చెప్పను? ఫ్లాస్కులో టీ పోసి పంపడం నాకూ అలవాటైపోయింది.” ఆమె హ్యాండ్‌బ్యాగు మూసింది. “దొరికేశాక ఇంట్లో కూర్చుంటావేమోనని భయం కూడా వేసింది.”

నెవిల్‌కి కోపం తెచ్చుకుందామంటే రాలేదు. ముక్కు చీదుకుని, పాట మీద సూది దించాడు. మొదటి డప్పు దెబ్బ పడగానే మొరీన్ చెప్పులు విప్పి, కాలితో పౌడరు సవరించుకుంది.

“మరి ఇకమీదట ఆదివారాలు నేనేం వెతకాలి మొరీన్?” అన్నాడు దీనంగా.

మొరీన్ ఆయన చెయ్యి పట్టుకుని నేల మధ్యకి లాగింది.

“గడ్డి కోసే మిషను.”