పన్నెండు సెంటీమీటర్ల న్యాయం

ఆ రోజు విలేకరి పెట్టుకున్న పని చాలా చిన్నది. పదింటికల్లా వార్త ఇచ్చేయాలి, పన్నెండింటికల్లా ఇంటికి వెళ్లి అత్తగారిని మోకాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అంతే. ఇంత చిన్న పనిలోకి ఊరేగింపులూ, మైకులూ, పావురాలూ వచ్చి పడతాయని ఎవరనుకుంటారు?

అత్తగారి మోకాళ్లకు ఆ గతి పట్టించింది నీళ్లు. వాళ్ల వీధి చివర ఎనిమిది నెలలుగా కొత్త నీళ్ల ట్యాంకు నిలబడి ఉంది. నిలబడడం తప్ప అది వేరే పనేమీ చేయడం లేదు. కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వస్తుంది. అందుకని రోజూ ఉదయం ఆరింటికి నీళ్ల లారీ రాగానే, అత్తగారు రెండు బకెట్లు పట్టుకుని మూడంతస్తులు దిగి, మళ్లీ ఎక్కేవారు. కోడలు మోస్తానంటే ఒప్పుకునేవారు కాదు. "బకెట్లు నేనూ మోయగలను. రాయడం నాకు రాదుగా. నువ్వెళ్లి రాయి," అనేవారు. పోయిన వారం రెండో అంతస్తు దగ్గర కాలు జారింది. బకెట్లు మాత్రం కింద పడనివ్వలేదు మహాతల్లి.

"రేపు పేపర్లో వచ్చేస్తుంది అత్తయ్యా. వచ్చిన నాలుగు రోజుల్లో నీళ్లు రాకపోతే నన్నడగండి," అని మాటిచ్చి బయల్దేరింది విలేకరి.

"అడుగుతాలే. అడగడానికి మోకాళ్లతో పన్లేదు," అన్నారు అత్తగారు.

ఆ వార్త కోసం విలేకరి మూడు నెలలు తిరిగింది. ట్యాంకు నిచ్చెన ఎక్కి లోపలికి తొంగి చూసింది. కాగితాలు సంపాదించింది. తేలిందేమిటంటే, ఇప్పటి మునిసిపల్ చైర్మన్ గారు అసలు గొట్టం కలపకుండానే రిబ్బను కత్తిరించారు. అంతకు ముందు చైర్మనుగా ఉండి ఇప్పుడు ప్రతిపక్ష నాయకుడైన పెద్దమనిషి, కింద స్తంభాలు మాత్రమే లేచిన రోజునే "ట్యాంకు నిండా నీళ్లు పోసి చూశాం, చుక్క కూడా కారలేదు" అని ధ్రువపత్రం మీద సంతకం పెట్టారు. లేని ట్యాంకులోంచి నీళ్లు ఎలా కారతాయి, ఆయన రాసింది నిజమే మరి. ఎవరి తప్పు ఎంతో అంతే రాసింది విలేకరి. చైర్మన్ గారికి పందొమ్మిది వాక్యాలు పట్టాయి, ప్రతిపక్ష నాయకుడికి ఏడు.

సంపాదకుడు మంచివాడు. అబద్ధం రాయడు, రాయనివ్వడు. కాకపోతే ఎవరైనా "మీ పత్రిక పక్షపాతం చూపిస్తోంది" అంటే చాలు, ఆయనకు అన్నం సహించదు. ముందు రోజే అలాంటి ఉత్తరాలు రెండు వచ్చాయి, రెండు పార్టీల నుంచీ. దాంతో ఆయన ఇనప స్కేలు ఒకటి కొని జేబులో పెట్టుకున్నాడు. ఇక మీదట ఎవరి వార్త ఎంతుందో కొలిచి వేస్తానన్నాడు. సాయంత్రానికల్లా ఆఫీసులో ఆయన పేరు స్కేలయ్య అయిపోయింది.

"ఇదేంటమ్మా, ఆయనకు పందొమ్మిది, ఈయనకు ఏడూ?" అన్నాడు స్కేలు తీసి. "సమానం చేసి పట్రా."

"ప్రతిపక్షాయన అంత తప్పు చేయలేదు సార్."

"అయితే చైర్మన్ గారి తప్పు తగ్గించు."

"చేసిన తప్పు నేనెలా తగ్గిస్తాను సార్?"

సంపాదకుడు కాసేపు ఆలోచించి, పందొమ్మిదీ కొట్టేశాడు, ఏడూ కొట్టేశాడు. "ఇప్పుడు సమానం! ఇక ట్యాంకులో నీళ్లున్నాయని చైర్మన్ గారన్నది పన్నెండు సెంటీమీటర్లు వేద్దాం. లేవని ప్రతిపక్ష నాయకుడన్నది పన్నెండు సెంటీమీటర్లు."

"సార్, నేను ఎక్కి చూశాను. నీళ్లు లేవు. పావురాలున్నాయి."

"చూశావా! అదే వద్దన్నది. మనం వెళ్లి చూశామంటే ఎవరో ఒకరి వైపు తేలిపోతాం. చూడకుండా ఉంటేనే మధ్యలో ఉంటాం."

విలేకరి ఊరుకోలేదు. రెండు గంటలు వాదించింది, బతిమాలింది, ఒకసారి కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. డాక్టరు వేళ కాస్తా దాటిపోయింది. ట్యాంకుకు లేని నీళ్లన్నీ తెచ్చి సంపాదకుడు వార్తలో పోశాడు. మూడు నెలల శ్రమ అలా నీరుగారిపోయింది. పైగా శీర్షిక నేనే పెడతానని కూర్చుని, ముప్పావుగంట పెన్ను కొరికి, ఎవరూ వేలెత్తి చూపలేని శీర్షిక ఒకటి కనిపెట్టాడు.

మర్నాడు పొద్దున అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ఆ శీర్షికను పైకే చదివారు. "చైర్మన్ చేయని పని లేదు." మళ్లీ చదివారు. కళ్లజోడు తుడిచి ఇంకోసారి చదివారు.

"అమ్మాయ్, ఇది పొగిడినట్టా, తిట్టినట్టా?"

"తెలీదు అత్తయ్యా."

"రాసిందానివి నువ్వే కదే!"

"నేను రాసిందాంట్లో ఇప్పుడు మిగిలింది నా పేరొక్కటే," అంది విలేకరి. ఇచ్చిన మాట గుర్తొచ్చి ఆమెకు తల కొట్టేసినట్టయింది. కనీసం డాక్టరు మాటైనా నిలబెట్టుకుందామని అత్తగారిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. సెలవు చీటీ ఇచ్చి అటు నుంచి అటే వెళ్లిపోవచ్చని.

ఆఫీసులో అప్పటికే చైర్మన్ గారి నుంచి మనిషంత ఎత్తు పూలగుత్తి వచ్చి ఉంది. "నేను చేయని మంచి పని లేదని గుర్తించినందుకు ధన్యవాదాలు" అని చీటీ. సంపాదకుడు పొంగిపోయాడు. ఆ పొంగు పావుగంట కూడా లేదు. పూలగుత్తి సంగతి తెలిసి ప్రతిపక్ష నాయకుడు ఫోన్ చేశాడు.

"ఏవండీ, పువ్వులకు అమ్ముడుపోయారా?"

"అయ్యో, అది విమర్శ అండీ! చేయని పని లేదంటే... మీకు తెలియందేముంది, అన్నీ చేశాడనేగా!"

"ఓహో! ఆ అర్థమా!" అని అవతల ఆయన పగలబడి నవ్వాడు. "భలే పెట్టారండీ! ఇప్పుడే మైకులో చెప్పిస్తా."

మైకు చైర్మన్ గారి చెవిన పడడానికి ఎంతసేపు? సంపాదకుడి బల్ల మీదున్న రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి. నల్లదాంట్లో చైర్మన్ గారు, తెల్లదాంట్లో ప్రతిపక్ష నాయకుడు. సంపాదకుడు చెవికొకటి పెట్టుకున్నాడు. ఏ చెవిలో ఎవరున్నారో మర్చిపోయాడు.

"పొగిడామండీ, పొగిడాం! మీరు నమ్మాలి!" అన్నాడు తెల్లదాంట్లో. "తిట్టామండీ, తనివి తీరా తిట్టాం!" అన్నాడు నల్లదాంట్లో.

రెండు ఫోన్లూ టక్కున ఆగిపోయాయి. సంపాదకుడు తెల్లమొహం వేసుకుని విలేకరి వైపు చూశాడు. "నేను ఎవరికి ఏం చెప్పానమ్మా?"

"ఇద్దరికీ సమానంగానే చెప్పారు సార్," అంది విలేకరి.

పదకొండు గంటలకు ఊరి కూడలిలో గొడవ మొదలైంది. చైర్మన్ మనుషులు ఆయన్ని పొగుడుతూ ఉత్తరం వైపు నుంచి ఊరేగింపు తీశారు. ప్రతిపక్షం వాళ్లు ఆయన్ని తిడుతూ దక్షిణం వైపు నుంచి తీశారు. చిక్కేమిటంటే, ఇద్దరి నినాదమూ ఒకటే. ఇద్దరూ పట్టుకున్న గుడ్డ బ్యానర్ల మీదా అదే శీర్షిక, పెద్ద అక్షరాలతో. "చైర్మన్ చేయని పని లేదు!" అని వీళ్లు అరిస్తే, "చేయని పని లేదు!" అని వాళ్లు ఇంకా గట్టిగా అరిచారు. ఎవరికీ ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి వీలు చిక్కలేదు. అరుచుకుంటూ అరుచుకుంటూ ఒకరిలో ఒకరు కలిసిపోయారు.

ట్రాఫిక్ పోలీసు పరుగెత్తుకొచ్చి ఈల వేశాడు. "తిట్టేవాళ్లు ఎడమ పక్కకి! పొగిడేవాళ్లు కుడి పక్కకి!"

"బాబూ, నేను బయల్దేరినప్పుడు పొగుడుతూనే బయల్దేరాను," అన్నాడు గుంపులోంచి ఒక ముసలాయన. "అరవగా అరవగా ఇప్పుడు తిట్టాలనిపిస్తోంది. నన్నెటు నిలబడమంటావు?"

పోలీసు ఈల తీసి జేబులో పెట్టేసుకున్నాడు. చివరికి ఎవరో "అర్థమేంటో పేపరు వాళ్లనే అడుగుదాం పదండి" అన్నారు. గుంపు గుంపంతా పత్రికాఫీసు మీదికి వచ్చి పడింది. ముందు చైర్మన్ గారు, ఆయన పక్కనే ప్రతిపక్ష నాయకుడు. ఆ ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి కలిసి లోపలికి రావడం ఊరివాళ్లు చూడడం అదే మొదటిసారి.

"తిట్టారా, పొగిడారా? తేల్చండి!" అన్నారు చైర్మన్ గారు.

"ఔను, తేల్చాల్సిందే," అన్నాడు ప్రతిపక్ష నాయకుడు.

సంపాదకుడు చేతిలో స్కేలు అటూ ఇటూ తిప్పాడు. "అంటే... అది... రెండు వైపులా సమానంగా..." ఒక వైపు తేలిస్తే రెండో వైపు ఊరుకోదు. తేల్చకపోతే ఇద్దరూ ఊరుకోరు. ఇద్దరూ కలిసి ఆఫీసుకు తాళం వేయించేస్తారేమోనని భయం. ఇరవై రెండేళ్ల పత్రిక.

మూల బెంచీ మీద కూర్చున్న అత్తగారు మోకాలు పట్టుకుని మెల్లగా లేచారు. ఆవిడ ఎవరో ఏమిటో ఎవరికీ తెలియదు. అయినా అందరూ దారిచ్చారు.

"బాబూ, నీకు కొలవడం బాగా వచ్చని మా కోడలు చెప్పింది," అన్నారు సంపాదకుడితో. "ఆ స్కేలు పట్టుకుని ట్యాంకెక్కి, లోపల నీళ్లెంతున్నాయో కొలిచి రా. అదొక్కటీ రాయి. ఈ తిట్లూ పొగడ్తలూ మాకెందుకు? నేను రోజూ మూడంతస్తులు మోస్తున్నది నీళ్లు, వాళ్ల పేరు ప్రతిష్ఠలు కాదు."

"కరెక్టే కదా, ఎక్కి చూద్దాం," అన్నాడు వెనక నుంచి ఇందాకటి ముసలాయన. జనం అందుకుని అందరినీ ట్యాంకు దగ్గరికి నడిపించారు. చైర్మన్ గారికి అంత అర్జెంటుగా ఏదో సమావేశం గుర్తొచ్చింది. "ముందు మీరెక్కండి, ఉన్నాయన్నది మీరే కదా" అన్నారు జనం. ఆయన నీళ్లు నమిలారు. సరే, లేవన్నది మీరే కదా, మీరెక్కండి అంటే, ధ్రువపత్రం మీది సంతకం గుర్తొచ్చి ప్రతిపక్ష నాయకుడూ నీళ్లు నమిలాడు. ట్యాంకులో లేకపోతేనేం, ఊళ్లో నీళ్లకు కొదవ లేదని విలేకరికి అప్పుడు తెలిసింది.

ఆఖరికి సంపాదకుడే ఎక్కాడు. నలభై ఆరు ఇనప మెట్లు. ఇరవయ్యో మెట్టు దగ్గర కళ్లు మూసుకున్నాడు. ముప్పయ్యో మెట్టు దగ్గర ఇంట్లో వాళ్లను తలుచుకున్నాడు. పైకి చేరి సగం తెరిచున్న మూత ఎత్తగానే పావురాలు ఒక్క ఉదుటున బయటికి ఎగిరాయి. ఆయన బెదిరి రెండు చేతులతో అంచు పట్టుకున్నాడు. స్కేలు జారి లోపల పడింది.

ఠంగ్!

కింద వీధి వీధంతా విన్నది. నీళ్లలో పడ్డ చప్పుడు కాదని చిన్నపిల్లలక్కూడా తెలిసింది. సంపాదకుడు పైనుంచి చాలాసేపు లోపలికే చూస్తూ ఉండిపోయాడు. దిగి వచ్చాక నేరుగా విలేకరి దగ్గరికి వెళ్లాడు. ఆయన చొక్కా నిండా రెట్టలు.

"ఆ పందొమ్మిదీ, ఏడూ... ఉన్నాయా, పారేశావా?"

"ఉన్నాయి సార్."

"నిన్న నువ్వు చూశానంటే వినలేదు. నాదే తప్పమ్మా," అన్నాడు. "పందొమ్మిది పందొమ్మిదిగానే వేద్దాం. ఏడు ఏడుగానే ఉండనీ. ఇద్దరికీ ఫోన్ చేసి వాళ్లు చెప్పుకునేదేదో అడుగు, అదీ వేద్దాం. ఏమీ చెప్పకపోతే చెప్పలేదని రాయి."

మర్నాడు వచ్చిన శీర్షికకు ఒకటే అర్థం. "ట్యాంకులో నీళ్లు లేవు." కింద విలేకరి మూడు నెలల శ్రమ, ఒక్క అక్షరం పోకుండా. ఊళ్లో కాపీలు తొమ్మిదింటికే అయిపోయాయి. ఆ మధ్యాహ్నమే గొట్టం కలిపేవాళ్లు గునపాలు పట్టుకుని దిగారు. ఐదో రోజు పొద్దున అత్తగారు అలవాటు కొద్దీ కుళాయి తిప్పారు. ముందు గాలి వచ్చింది, తర్వాత ఎర్రటి నీళ్లు, ఆ తర్వాత మామూలు నీళ్లు. ఆవిడ బకెట్టు నిండేదాకా అలాగే నిలబడి చూసి, చెంగుతో కళ్లొత్తుకున్నారు.

"నాలుగు రోజులన్నావు. ఐదైంది," అన్నారు కోడలితో. ఆ రోజు డాక్టరు దగ్గరికి కూడా వెళ్లారు.

మరి పత్రిక మీద ఎవరికీ కోపం రాలేదా అంటే, ఎందుకు రాలేదు! పత్రిక ప్రతిపక్షానికి అమ్ముడుపోయిందని చైర్మన్ గారు ఉత్తరం రాశారు. చైర్మనుకు అమ్ముడుపోయిందని ప్రతిపక్ష నాయకుడు రాశాడు. సంపాదకుడు ఈసారి అన్నం మానలేదు. రెండింటినీ పక్కపక్కనే వేస్తానన్నాడు. వార్తల్ని కొలవడం మానేశాడు గానీ, పాత అలవాటు ఎక్కడికి పోతుంది? తిట్లు కొలవడానికని కొత్త స్కేలు కొన్నాడు. చైర్మన్ గారి ఉత్తరం పన్నెండు సెంటీమీటర్లు వచ్చింది, ప్రతిపక్ష నాయకుడిది పదకొండే వచ్చింది.

సంపాదకుడు తెల్ల ఫోను తీసి, దయచేసి ఇంకొక్క వాక్యం తిట్టమని ఆయన్ను బతిమాలుకుంటున్నాడు.