పాత పగడమే, బంగారం!

ప్లంకెట్ గారింట్లో ఒక ఒప్పందం ఉంది. ఉప్పునీళ్ల తొట్టిలోకి కొత్త పగడం ఒకటి వస్తే పాతది ఒకటి బయటికి పోవాలి. ఈ చట్టం చేసింది భార్య వెర్నా. చప్పట్లు కొట్టి ఆమోదించింది భర్త ఆర్లో. రోజూ ఉల్లంఘించేదీ అతనే.

ఉల్లంఘనకీ ఒక పద్ధతి ఉండేది. కొత్త పగడపు పిలకని ప్లాస్టిక్ సంచీలో, సంచీని కోటు జేబులో పెట్టుకుని ఇంటికొస్తాడు. వెర్నా స్నానానికి వెళ్లగానే మోచేతి దాకా చొక్కా తడుపుకుని తొట్టిలో నాటేస్తాడు. ఆమె కంటపడితే చెప్పాల్సిన జవాబు ముందే వల్లెవేసి ఉంటుంది.

"ఇదెప్పుడొచ్చింది?"

"రావడమేంటి బంగారం, మన పాతదే!"

"పాతది గోధుమ రంగు కదా. ఇది చిలకపచ్చగా ఉందేం?"

"నీలం దీపం పెట్టానుగా. దాని కింద ఉంటే పగడాలకి నిగారింపు వస్తుంది."

"అయితే నువ్వూ రోజూ ఓ గంట తల పెట్టరాదూ? జుట్టన్నా మొలుస్తుంది."

ఆర్లో బట్టతల తడుముకుంటూ నవ్వేసేవాడు. నీలం దీపం కింద పగడాల రంగు మారడం నిజమే. నిజంలో ముంచి తీసిన అబద్ధం జారకుండా నిలబడుతుందని అతని నమ్మకం.

ఫోర్ట్ వేన్ ఊరికి సముద్రం ఏ దిక్కున చూసినా కారులో రోజంతా ప్రయాణం. అందుకేనేమో, ఊళ్లో కొందరికి సముద్రాన్ని ఇంట్లోనే పెంచుకోవాలనే పిచ్చి ముదిరింది. ఆర్లోకి మరీ ముదిరి, ఉన్న తొట్టి చాలక రెండోదాని మీద మనసు పడ్డాడు. దాన్ని పెట్టడానికి ఇంట్లో మిగిలిన చోటు ఒక్కటే. వంటింటి వెనక, వెర్నా బొంతలు కుట్టుకునే గది.

ఆ గదంటే వెర్నాకి ప్రాణం. ముగ్గురు పిల్లల్ని పెంచి, పాతికేళ్లు ఆస్పత్రి వంటశాలలో చాకిరీ చేసి రిటైరయ్యాక, తలుపేసుకుని కూర్చోవడానికి ఆమెకు దొరికిన చోటు అదొక్కటే. ఆ సంగతి ఆర్లోకీ తెలుసు. అందుకే నేరుగా అడిగే ధైర్యం లేక పందెం వేశాడు.

"చూడు వెర్నా, వచ్చే శనివారం మా పగడాల క్లబ్బులో పిలకల సంత. అందులో పగడాల పేర్లు చెప్పే పోటీ ఉంటుంది. నేను గెలిస్తే ఆ గదిలో రెండో తొట్టి పెడతా. ఓడిపోతే జన్మలో ఆ గది ఊసెత్తను."

ప్రతి ఏడూ ఆ పోటీ ఎగరేసుకుపోయే పళ్ల డాక్టరు ఫ్లోరిడాకి మకాం మార్చేశాడన్న విషయం మాత్రం చెప్పలేదు.

వెర్నా సూదిలోకి దారం ఎక్కిస్తూ అడిగింది. "ఆ పోటీలో ఎవరైనా చేరొచ్చా?"

"ఎవరైనా సరే. చేతిలో పెన్సిలుంటే చాలు."

"అయితే నా పేరూ రాయించు."

ఆర్లో పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. ఇంట్లో పగడాలని ఆమె పిలిచే పేర్లేమిటి? 'ఆ కాలీఫ్లవరూ', 'ఆ మెదడూ', 'ఆ తడిసిన తివాచీ'. ఈవిడ పోటీకొస్తుందట! తృప్తిగా నవ్వుకుని పేరు రాయించేశాడు.

అయినా జాగ్రత్తపరుడు కదా, ఇంకో ఎత్తు వేశాడు. పోటీలో పాల్గొనేవాళ్లు తలా ఒక పిలక పేరు రాయకుండా తేవాలని క్లబ్బు నియమం. ఎవరూ గుర్తుపట్టలేనిదాన్ని తానే తీసుకెళితే ఒక మార్కు తన జేబులో ఉన్నట్టే. ఉప్పునీళ్ల సరుకు అమ్మే డూలీ కొట్టుకి వెళ్లి ఓ మూల పిడికిలిలా ముడుచుకుని ఉన్న పగడాన్ని పట్టుకున్నాడు.

"ఇదేంటి డూలీ?"

"సరిగ్గా తెలీదయ్యా. విచ్చుకుంటే గాని చెప్పలేం. ఆల్వియోపొర రకం అయినా కావచ్చు."

'సరిగ్గా తెలీదు', 'కావచ్చు' అనే మాటలు ఆర్లో చెవిలో దూరలేదు. ఆల్వియోపొర అన్నది మాత్రం గుండెల్లో దిగింది. దాన్ని జేబులో వేసుకొచ్చి, వెర్నాకి కనబడకుండా పెద్ద రాయి వెనక చీకట్లో నాటాడు. అక్కడ ఆమెకే కాదు, అతనికీ సరిగ్గా కనబడదు.

శుక్రవారం దాన్ని బయటికి తీస్తుంటే వెర్నా రానే వచ్చింది.

"అదేంటి?"

"పోటీకి, బంగారం. మన పాతదే, చిన్న ముక్క."

"ఓహో, పాతదేనా!" అని వెర్నా దాని వంక కాసేపు చూసి వెళ్లిపోయింది.

సంత చర్చి కింది హాల్లో. ఒక పక్క బల్లల మీద తినడానికి బంగాళాదుంపల క్యాసరోల్, జెల్లీ సలాడు. ఇంకో పక్క నీలం దీపాల కింద నియాన్ బోర్డుల్లా వెలుగుతున్న పగడాలు. న్యాయనిర్ణేత ట్రౌట్‌మన్ టీచర్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆమె ముందు క్లబ్బు పెద్దమనుషులు ఇప్పటికీ చేతులు కట్టుకునే నిలబడతారు.

అందరూ పగడాల ముందు వంగి పేర్లు రాస్తున్నారు. ఆర్లో వయ్యారంగా రాశాడు. వెర్నా సూదిలో దారం ఎక్కించుకునే భూతద్దం మెడలో వేసుకుని, ఒక్కో పగడం ముందూ కుట్టు పరీక్షించినట్టు చూసి రాసింది.

కాగితాలు దిద్దిన టీచర్ కళ్లజోడు సవరించుకున్నారు. "ఇద్దరు సమానంగా ఉన్నారు. ఆర్లో ప్లంకెట్. వెర్నా ప్లంకెట్."

హాలంతా ఈల వేసింది. ఆర్లో చేతిలోని జెల్లీ సలాడు నేల మీదికి జారింది.

"చివరి పగడం దగ్గర మాత్రం మీ ఇద్దరి జవాబులు వేరు. నాకూ దాని మీద అనుమానంగానే ఉంది. అందుకే మార్కు ఆపాను. మీ వాదన చెప్పండి. ముందు వెర్నా."

చివరిది ఆర్లో తెచ్చినదే. అతని మొహం వెలిగిపోయింది.

"నేను గోనియోపొర అని రాశాను టీచర్," అంది వెర్నా. "మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్న పాత పగడమేనని మా ఆయనే చెప్పాడు. ఏం ఆర్లో, అంతేగా?"

ఆర్లో అడకత్తెరలో పోకచెక్కయ్యాడు. అవునంటే గోనియోపొర అని ఒప్పుకున్నట్టే, పోటీ పోతుంది. కాదంటే ఇన్నాళ్ల బండారం బయటపడుతుంది. ఒక కంటి ముందు వెర్నా మొహం, ఇంకో కంటి ముందు రెండో తొట్టి. తొట్టే గెలిచింది.

"లేదు టీచర్! అది పాతది కాదు. వెర్నా, నన్ను క్షమించు. డూలీ దగ్గర కొని జేబులో దాచుకొచ్చాను. ఇదొక్కటే కాదు, చాలా తెచ్చాను. ఇది ఆల్వియోపొర!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మగవాళ్లంతా కోటు జేబులు తడుముకున్నారు. భార్యలంతా భర్తల వైపు తిరిగారు.

"తెల్ల దీపం వేయించండి టీచర్," అంది వెర్నా.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ క్లబ్బులో తెల్ల దీపం అడగడమంటే పెళ్లికూతుర్ని మొహం కడుక్కుని రమ్మన్నంత పని. కానీ టీచర్ మీట నొక్కేశారు. నియాన్ తళుకులన్నీ ఒక్కసారిగా చద్దన్నం రంగుకి దిగిపోయాయి. ఆర్లో పగడం ఈపాటికి బాగా విచ్చుకుని, చిన్న చిన్న పువ్వుల గుత్తిలా ఊగుతోంది.

"ఆల్వియోపొర పువ్వుకి రేకులు పన్నెండు. గోనియోపొరకి ఇరవై నాలుగు. లెక్కపెట్టండి," అంది వెర్నా, భూతద్దం చేతికిస్తూ.

టీచర్ లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు. "ఇరవై నాలుగు."

"పైగా అది మా పాతదేనండీ. అడుగున గీకి చూడండి."

టీచర్ గోరుతో ఊదా పాచి గీకారు. అడుగున జిగురుతో అంటించిన ఒక గుండీ కనబడింది. గళ్ల కోటు గుండీ. ఆర్లో తన గళ్ల కోటు వంక చూసుకున్నాడు. మూడో గుండీ లేదు.

"ఒప్పందం ఒప్పందమే కదా," అంది వెర్నా. "నువ్వొకటి తెచ్చినప్పుడల్లా నేనొక ముక్క కోసి, గుండీకి అంటించి డూలీకి ఇచ్చేదాన్ని. నువ్వు ప్రతిదాన్నీ పాతదే అంటుంటే, ఏది పాతదో ఏది కొత్తదో నేనే నేర్చుకోవాల్సి వచ్చింది. నిన్న మాత్రం నువ్వు నిజమే చెప్పావు. నీకే తెలీలేదు పాపం."

డూలీ గొంతు వెనక నుంచి వినిపించింది. "మా కొట్లో గిరాకీ అంతా వెర్నాగారి సరుక్కేనయ్యా!"

"అంటే... నేను ఇన్నాళ్లూ కొన్నవన్నీ..."

"అన్నీ కాదులే," అని ఓదార్చింది వెర్నా. "సగం."

చప్పట్లతో చర్చి కప్పు లేచిపోతుందనిపించింది. భార్యలు బల్లలు చరిచారు. ట్రౌట్‌మన్ టీచరే స్వయంగా వెర్నా చెయ్యి పట్టి పైకెత్తారు. బహుమతిగా చిన్న ఉప్పునీళ్ల తొట్టి, దీపంతో సహా. దాన్ని కారు దాకా మోసినవాడు ఆర్లో. ఓడిన బాధ ఉన్నా, దారిలో ఎదురైన ప్రతివాడికీ "మా ఆవిడే! మా ఆవిడే!" అని చెప్పుకుంటూ మోశాడు. ఆ గర్వంలో ఇసుమంత కల్తీ లేదు.

మర్నాడు చూస్తే ఆ తొట్టి బొంతల గదిలో, కుట్టుమిషను పక్కన కొలువు తీరి ఉంది. ఆర్లో గుమ్మంలో ఆగిపోయాడు.

"ఈ గదిలో తొట్టి పెట్టాలని నీకు ముచ్చట కదా," అంది వెర్నా. "పెట్టేశాను."

"మరి... నేను లోపలికి రావచ్చా?"

వెర్నా కత్తెర బొంత మీద పెట్టింది.

"నీళ్లు మార్చే రోజున రావచ్చు. బకెట్లు ఎవరో ఒకరు మొయ్యాలిగా."

"నీళ్లు ఎప్పుడు మారుస్తావు?"

"ఇప్పుడే."

ఆర్లో బకెట్ తేవడానికి పరిగెత్తాడు.