రెండు గంటల రెండర్

నిదానంగా నడిచే కంప్యూటర్ ఇంట్లో ఉండటం పూర్వజన్మ సుకృతం. నవ్వకండి! కొత్తది కొనాలా వద్దా అని ఆర్నెల్లు తర్జనభర్జన పడి తేల్చిన విషయమిది.

ఇంకా పునాది కూడా తీయని ఇళ్ళకు ఫొటోల్లాంటి బొమ్మలు తయారుచేయడం నా వృత్తి. గోడలూ కిటికీలూ గీసి నేను బటన్ నొక్కితే, ఎండ ఎక్కడ పడాలో, సోఫా నీడ ఎటు వాలాలో కంప్యూటర్ చూసుకుంటుంది. దాన్ని రెండర్ అంటాం. నా పాత కంప్యూటర్‌కి ఒక్కో బొమ్మకు రెండు గంటలు కావాలి. ఈలోపు మౌస్ ముట్టుకున్నామా, అలిగి ఆగిపోతుంది.

ఆ అలక ఎంత మేలు చేస్తుందో తెలుసా? దాని పుణ్యమా అని నేను మా అమ్మాయితో క్యారమ్స్ ఆడతాను. ఎనిమిదేళ్ళ పిల్ల, ఏమీ ఎరగనట్టు మోచేత్తో కాయిన్ జరిపేస్తుంది. ఆ దొంగాట పట్టుకోవాలంటే తీరిక ఉండొద్దూ? మా ఆవిడ చెప్పేది కూడా మొదటినుంచి చివరిదాకా వింటాను. ఆమె కబుర్లకు ముగింపు ఉంటుందని పెళ్ళయిన పదకొండేళ్ళకు తెలిసింది!

ఇక కస్టమర్లు. "హాలు రంగు మార్చి చూపిస్తారా?" అంటారు. "తప్పకుండా, రెండు గంటలు కూర్చోండి" అంటాను. "అబ్బే, ఇదే బాగుంది లెండి!" అని లేస్తారు. మనిషికి ఇంత త్వరగా తృప్తి కలిగించే యంత్రం ఇంకెక్కడైనా ఉందా?

మా బావమరిదిదీ ఇదే పని. కిందటేడు ఖరీదైన ప్రొఫెషనల్ డెస్క్‌టాప్ కొన్నాడు. బొమ్మ అయిదు నిమిషాల్లో సిద్ధం. మొన్న ఒక కుటుంబం వాడి పక్కన కుర్చీలు వేసుకుని కూర్చుని, ఒకే గోడకు నలభై మూడు రంగులు మార్పించింది. చివరికి మొట్టమొదటి తెలుపే ఖాయమైంది.

"బాత్రూమ్‌కి లేస్తే, ఇంకో రంగు పెట్టి వెళ్ళమన్నారు బావా!" అని వాడు ఏడ్చినంత పని చేశాడు.

అయినా మనసు ఆగక షాపుకు వెళ్ళాను. సేల్స్‌మన్ కోర్లు, మెమరీ, ఫ్యాన్లు అంటూ ఏకరువు పెట్టాడు.

"అదంతా సరే తమ్ముడూ. రెండు గంటల పని అయిదు నిమిషాల్లో అయిపోతే, మిగతా టైమ్ ఎవరిది?"

"మీదే సార్!"

"మీ షాపులోనూ ఇవే పెట్టారుగా. మరి నీకెంత మిగిలింది?"

అతను నవ్వేశాడు. "ఇదివరకు ఈ సెక్షన్‌లో ముగ్గురం సార్. ఇప్పుడు నేనొక్కణ్ణే." సగం కొరికిన బిస్కెట్ జేబులో వేసుకుని ఇంకో కస్టమర్ దగ్గరకు పరుగెత్తాడు. నాకు పాపం అనిపించింది.

కాబట్టి నేను కొనలేదనుకుంటున్నారా? కొనేశాను!

నెలయింది. పెట్టిన ప్రతి పైసాకూ న్యాయం చేస్తోంది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకున్నాను, బయట ఎవరికీ చెప్పలేదు. పాత డబ్బాను బల్లమీదే ఉంచి, కొత్తదాన్ని బల్ల కింద కర్టెన్ వెనక పెట్టాను. పనులిచ్చే ఆర్కిటెక్ట్ మేడమ్ ఫోన్ చేస్తే, "ఇంకా అవుతోందండీ, పాత కంప్యూటర్ కదా" అని నిట్టూరుస్తాను.

"ఏమండీ, ఇంతకీ దీన్ని కొన్నది పని త్వరగా అవడానికా, అవకపోవడానికా?" అని అడిగింది మా ఆవిడ.

అబద్ధమాడటం తప్పే, కాదనను. కానీ వేగానికి డబ్బు పెట్టింది నేనైతే, మిగిలిన గంటలు ఇంకొకళ్ళు పట్టుకుపోవడం ఏం న్యాయం? ఆ గంటల్లో మా అమ్మాయి ఉందండీ!

మరి ఇలా పత్రికకెక్కి చెప్పుకుంటే మేడమ్ చదవదా అంటారా? ఆ భయం నాకు లేదు. ఇదే మోడల్ ఆవిడ ఆఫీసులోకి వచ్చి ఏడాదైంది. అప్పటినుంచి పాపం, ఆవిడకు పేపర్ తిరగేసే తీరిక లేదు.